ఆరువందల మీటర్ల గడియారం

సెక్టర్ 2, భిలాయి
ఆదివారం

అక్కకు, ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించే బావకు, సూరిబాబు నమస్కారాలు. ఇక్కడ నేను, సరోజ, పాప బాగానే ఉన్నాం. మీ ఇద్దరి ఒంట్లో ఎలా ఉందో, మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయో లేదో రాయండి.

బావా, ముందుగా నీకొక మాట. గడియారం పోయిందని ఇల్లు పీకి పందిరి వేస్తున్నావట. వెతకడం ఆపు. అది నా దగ్గరుంది. హార్బరులో నీతోపాటు నీళ్ళలో దిగే చిట్టిబాబుని అనుమానించావని తెలిసింది. పాపం, అతన్ని పిలిచి ఒక టీ తాగించు. దొంగ నీ పెళ్ళామే! మా పక్క క్వార్టరు అప్పారావు సెలవుకి మీ ఊరొచ్చి తిరిగొస్తుంటే చేగోడీల డబ్బా ఇచ్చి పంపింది. డబ్బా అడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టి నీ గడియారం పెట్టింది. సరోజ చేగోడీ అనుకుని చెయ్యి పెట్టి కెవ్వుమంది.

అక్కా, నన్ను తిట్టుకోకు. నీకా చదువు రాదు, ఉత్తరం చదివేది బావ. ఇంక నీకు చాటుగా జవాబు ఎలా రాయను? రెండు రోజులు ఆలోచించినా దారి దొరకలేదు. అందుకే అన్నీ బయటపెట్టేస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఉక్కు కర్మాగారంలో మా షాపులో వేడి, బయట వేడి. రెండు గోనెపట్టాలు తడిపి కిటికీకి కట్టుకుని బతుకుతున్నాం. మీరేమీ బెంగ పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాం. చేపలంటే ఇక్కడ చెరువు చేపలే, ఎంత కడిగినా మట్టి వాసన పోదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని ఎండు నెత్తళ్ళు పంపు. నీ మేనకోడలికి బడిలో అంతా హిందీయే. నీ ఫోటో చూపించి అత్త అని చెబితే "బువాజీ" అంటుంది. సముద్రం అంటే ఏంటని మొన్న అడిగింది. చెరువు కన్నా పెద్దదని చెప్పాను. అంతకన్నా చెప్పడం నాకు చేతకాలేదు, ఆ పూట మీరంతా గుర్తొచ్చి అన్నం సయించలేదు.

సరే అక్కా, అసలు సంగతి. నువ్వు చెప్పమన్నది అప్పారావు ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడు. "బావ బొంబాయికాడ సముద్రంలో నూనె బావుల పనికి ఎల్తానంటన్నాడ్రా. ఇక్కడ దిగినదానికి ఐదారు రెట్లు లోతట. నానేటన్నా ఈ గడియారం సూపించి, ఇది ఆరొందల మీటర్లు తట్టుకుంటాది, నాకేటౌద్ది అంటాడు. నువ్వు ఇనుముతో పనిసేసేవోడివి కదా, నిజమో కాదో సూసి సెప్పు. నిజమైతే ఎల్లనిస్తాను" అన్నావట.

ఇంకో సంగతి కూడా చెప్పావట. బావా, ఇది దాటేయకుండా చదువు. నీళ్ళలోంచి వచ్చిన రోజుల్లో నీ ఎడమ చెవిలోంచి నెత్తురు కారుతోందని అక్కకు తెలుసు. నువ్వు దిండు తిరగేసి పడుకుంటున్నావు. అక్క గలీబు ఉతికి, ఏమీ చూడనట్టు ఊరుకుంటోంది.

మా షాపులో వాల్వులకు నీళ్ళు పట్టి, చేతి పంపుతో ఒత్తిడి పెంచి, కారుతున్నాయేమో చూస్తాం. అదే పద్ధతి గడియారానికీ పెట్టాను. మా పని చూసే చార్జిమన్ సాహూ దాదా ఈ ప్రాంతం మనిషి, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. భోజనాల వేళ ఇద్దరం ఒక దళసరి గొట్టంలో నీళ్ళు నింపి, గడియారాన్ని తీగకు కట్టి దించి, మూత బోల్టులు బిగించాం. పంపు కొట్టబోతుండగా వెనకనుంచి మా ఇంజనీరుగారు! గుంటూరు వైపు ఆయన. కంపెనీ సామానుతో సొంత పనులు చేస్తున్నానని సస్పెండు చేస్తాడనుకున్నాను. భయపడుతూనే ఉన్నదంతా చెప్పాను. ఆయన మా పక్కనే గొంతుక్కూర్చుని, "ఆరువందల మీటర్లంటే చదరపు సెంటీమీటరుకి అరవై కిలోలు. పంపు మీద ముల్లు అరవై దాకా రానివ్వండి" అన్నాడు.

సాహూ దాదాకు ఇదంతా వింతగా ఉంది. "సమందర్ మే టైమ్ దేఖ్‌కే క్యా కరేగా, సార్?" అని అడిగాడు, సముద్రంలో టైము చూసుకుని ఏం చేస్తాడని. ఇంజనీరుగారు నవ్వలేదు. కింద ఎంతసేపున్నాడో లెక్క తెలిస్తేనే పైకి ఎంత నెమ్మదిగా రావాలో తెలుస్తుందట. తొందరపడి వస్తే రక్తంలో బుడగలు పుట్టి ప్రాణం మీదికి వస్తుందట. మరి ఆరువందలెందుకు సార్, అంత లోతుకి ఎవరు పోతారని నేనడిగాను. "మన వాల్వుకి పని ఒత్తిడి కన్నా ఒకటిన్నర రెట్లు పెట్టి చూడటం లేదూ? తట్టుకోవాల్సిన దానికన్నా ఎక్కువే తట్టుకోవాలయ్యా" అన్నాడు.

పంపు కొట్టి ముల్లుని అరవై మీద నిలబెట్టి, సైరన్ మోగేదాకా ఉంచి మూత విప్పాం. ఓలమ్మో, ఒక్క చుక్క లోపలికి పోలేదు! అద్దం మీద ఆవిరైనా లేదు. సెకన్ల ముల్లు తన మానాన తాను తిరుగుతోంది. సాహూ దాదా దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేనే తయారు చేసినట్టు పొంగిపోయాను. మరుక్షణం, అక్కా, నువ్వు ఎందుకడిగావో గుర్తొచ్చి దాన్ని జేబులో వేసేసుకున్నాను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియడం లేదు.

మేం చేసే ఇనుము సంగతి నాకు తెలుసు. పట్టా అవుతుంది, దాని మీద రైలు పోతుంది, జనం ఎక్కుతారు. ఈ గడియారం ఎవరికోసం? ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని, చుక్క నీరు దూరకుండా ఇంత నాజూకు పని చేశారంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే, మనిషి పోని చోటికి గడియారం పోతే ఎవడికి లాభమని విసుగొస్తుంది. సాయంత్రానికి మళ్ళీ చేతికి పెట్టుకుని చూసుకుంటాను. సరోజ నన్ను చూసి నవ్వుతోంది. గడియారానికి వేసినట్టు బావ చెవికి రబ్బరు వాషరు ఎవరూ వెయ్యలేదు కదా. బావకి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి చూసిందెవరు? ఇదే అడిగితే ఇంజనీరుగారు కూడా, "ముందు చెవి డాక్టరుకి చూపించమనండి" అని వెళ్ళిపోయాడు.

మీ అత్తగారికి నా దండాలు. పాపని అక్కడినుంచే దీవించండి. సరోజ ఇద్దరినీ అడిగానని రాయమంది.

అక్కా, అబద్ధం రాద్దామని మూడు కాగితాలు చింపాను. నా చేతులతో చేసి చూసినదాన్ని కాదని రాయలేకపోయాను. గడియారం నిజమైనదే. నిజమైతే వెళ్ళనిస్తానని మాటిచ్చావు. అయినా సరే, ఈ ఒక్కసారికి నువ్వు మాట తప్పక్కా. బావా, ఈ ముక్క కూడా పైకి చదువు.

మీ తమ్ముడు,
సూరిబాబు