పచ్చి పువ్వుల బీరు

యాకిమా,
సెప్టెంబర్ 3

ప్రియమైన నాన్నకు,

అబిగేల్ వందనాలు.

ఫిబ్రవరిలో అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లాక, ఫోన్‌లో మనిద్దరం "తిన్నావా", "తిన్నాను" దాటి వెళ్లలేకపోతున్నాం. ఇదివరకు ఫోన్ అమ్మ చేతిలో ఉండేది కాబట్టి ఆ సంగతి మనకి తెలియలేదు. అందుకే రాస్తున్నాను. తెలుగులో తప్పులుంటే సండే స్కూల్లో నేర్పిన జోసఫిన్ ఆంటీని అనండి.

ఇక్కడ హాప్స్ కోత మొదలైంది. ఎత్తయిన తీగలకి గుత్తులుగా లేత ఆకుపచ్చ పువ్వులు. బీరుకి చేదూ వాసనా ఇచ్చేవి అవే. ఏడాది పొడుగునా వాడుకోవడానికి వాటిని ఆరబెట్టి దాస్తారు. ఈ కోతల్లో మాత్రం మాలాంటి చిన్న బ్రూవరీలు కోసిన రోజే పచ్చివి తెచ్చి బీరులో వేస్తాయి. ఆలస్యమైతే పువ్వు లోలోపల వేడెక్కి పాడైపోతుంది. నిన్న నేనే ట్రక్ డ్రైవ్ చేసుకుని పొలానికి వెళ్లాను. వచ్చేసరికి చేతులన్నీ జిగట, జుట్టంతా ఆకు వాసన.

ఈ పని మీకు నచ్చదని తెలుసు. ఇంకేం రాయాలో తోచక ఉన్నది రాశాను. వంట చేసుకుంటున్నారా?

మీ
అబిగేల్

*

పార్సిప్పనీ,
సెప్టెంబర్ 12

నా చిట్టితల్లి అబిగేల్‌కు,

దేవుని కృప నీకు తోడుండాలని నాన్న ప్రార్థన.

ఉత్తరం అందింది. తెలుగు బాగుంది. జోసఫిన్ గారికి చూపిద్దామనుకున్నాను గానీ, అందులో విషయం అలాంటిది.

నేను కులాసా. సంఘ పెద్దని కాబట్టి ఆదివారం చర్చి పనుల్లో పొద్దు తెలియదు. మిగతా రోజులు తెలుస్తుంది. ఒక్క మనిషికి ఎసరు ఎంత పెట్టాలో ఇంకా కుదరడం లేదు, రోజూ అన్నం మిగులుతోంది. మొన్న చర్చిలో తోటి పెద్ద షాలేం రాజు గారు, "అమ్మాయి ఇప్పుడు ఎక్కడ చేస్తోందండీ?" అని అడిగారు. ఫుడ్ కంపెనీలో అన్నాను.

ఈ నెల చివర్లోనే కదా మీ అమ్మ నీ దగ్గరికి వచ్చేది. పచ్చళ్లు కట్టి, సూట్‌కేస్ నాచేత రెండుసార్లు తూయించి, ఎయిర్‌పోర్ట్ దాకా తొందరపెట్టేది. ఈ ఏడు ఆ హడావిడి లేదు.

నీ పని గురించి రాయనవసరం లేదు. ఆరోగ్యం గురించి రాయి.

ఇట్లు,
నాన్న ఆనందబాబు

*

యాకిమా,
సెప్టెంబర్ 27

ప్రియమైన నాన్నకు,

ఆరోగ్యం బాగానే ఉంది. కానీ పని గురించే రాయాలి, ఎందుకంటే అందులో అమ్మ ఉంది.

ఈ ఏటి బీరు మొన్న తయారైంది. మూడేళ్లుగా తొలి గ్లాసు అమ్మదే. మొదటి ఏడాది, "వాసన చూసి ఇచ్చేస్తానే" అంది. చూసి, "దబ్బాకు నలిపినట్టుందే" అంది. తర్వాత ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. ఇంకో గుక్క తాగి, పైపెదవికి నురగ అంటుకుని ఉండగానే నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. మా ఓనర్ వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేకపోయాం. రెండో ఏడు తనే, "పట్టవే, ఆలస్యమైతే పాడవుతుందిగా" అంది. ఎప్పుడూ ఒక్క చిన్న గ్లాసే. బయట బెంచీ మీద కూర్చుని, పొలాల వైపు చూస్తూ మెల్లగా తాగేది.

"మీ నాన్నకి చెప్పకే. సంఘ పెద్ద, తెలిస్తే ఆయనకి కష్టం" అనేది.

ఆ మాట దాటుతున్నాను. మొన్న తొలి గ్లాసు పట్టి ఆ బెంచీ మీద పెట్టుకుని కూర్చున్నాను. తాగబుద్ధి కాలేదు, పారబోయబుద్ధీ కాలేదు. ఈ ఊళ్లో నాతో కూర్చుని అమ్మ గురించి మాట్లాడేవాళ్లెవరూ లేరు. మీరొక్కరే ఉన్నారు.

కోపం వస్తే కోప్పడండి. జవాబు మాత్రం రాయండి.

మీ
అబిగేల్

*

యాకిమా,
అక్టోబర్ 14

ప్రియమైన నాన్నకు,

మీ ఉత్తరం రాలేదు. ఆదివారం ఫోన్ చేస్తే "తిన్నాను" అని పెట్టేశారు.

ఈ బీరు నిలవ ఉండదు. రోజులు గడిచేకొద్దీ పచ్చి వాసన పోయి మామూలు బీరైపోతుంది. ఇంకా కొంచెమే మిగిలింది. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి తాగి, బాగుందంటున్నారు. నేను గ్లాసులు అందిస్తూ థ్యాంక్స్ చెబుతున్నాను. ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేదు.

అమ్మని మీ దృష్టిలో తక్కువ చేశానేమో. అలా అయితే క్షమించండి.

అబిగేల్

*

పార్సిప్పనీ,
అక్టోబర్ 19

నా బంగారుతల్లి అబిగేల్‌కు,

నాకు తెలుసమ్మా. మొదటి ఏడాది నుంచీ తెలుసు.

మీ అమ్మ తిరిగొచ్చాక సూట్‌కేస్ విప్పి బట్టలు వాషర్‌లో వేసేది నేనే. ఆవిడ స్వెటర్ నిండా ఆకు వాసన, దాని అడుగున బీరు వాసన. హాస్టల్లో చదువుకున్నవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేనా. వచ్చాక వారం పాటు వంటింట్లో కూనిరాగాలు తీసేది. నేను అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పాలి, చెబితే సంఘ పెద్దగా నేనొక మాట అనాలి. ఊరుకోవడమే నా మంచితనం అనుకున్నాను. ఎయిర్‌పోర్ట్‌లో దింపేటప్పుడు, "మీరూ రాకూడదూ" అంటుందేమోనని ఏటా చూసేవాణ్ణి. ఆవిడ అనలేదు. వస్తానని నేనూ అనలేదు.

నీ ఉత్తరం చదివి కోపం రాలేదు. పైపెదవికి నురగ అని రాశావు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. ఉన్నది ముగ్గురం. అందులో మీ ఇద్దరూ అంత సంతోషంగా ఉన్న చోట నేను లేను. నేనొస్తే ఆ నవ్వు ఆగిపోతుందని మీ ఇద్దరికీ అనిపించింది. అదే మింగుడుపడక ఇన్నాళ్లూ కలం కదల్లేదు.

మొన్న శనివారం ఇక్కడ దగ్గర్లో ఒక బ్రూవరీకి వెళ్లాను. మన చర్చివాళ్ల కార్లేమైనా ఉన్నాయా అని పార్కింగ్‌లో చాలాసేపు చూశాను. లోపల నీ వయసు అమ్మాయి ఉంది. ఫ్రెష్ హాప్ బీరు, అదే నువ్వు రాసిన పచ్చి పువ్వుల బీరు, ఉందా అని అడిగితే, ఈ వారంతో ఆఖరు అంది. "మా అమ్మాయి యాకిమాలో ఇది తయారు చేస్తుంది" అన్నాను. ఆ మాట ఒకరితో అనడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఎంత సంబరపడిందో, అక్కడున్నవాళ్లందరికీ చెప్పింది.

మొదటి గుక్క వేపాకు నమిలినట్టుంది. రెండోది అలా లేదు. గొంతు దిగాక నారింజ తొక్క గిల్లినట్టు, అప్పుడే కోసిన పచ్చిగడ్డిలా ఏదో నిలిచింది. బాగుంది. బాగుందని చెబుదామంటే ఎదురుగా ఎవరూ లేరు. అందరూ ఇద్దరుగా, ముగ్గురుగా వచ్చారు. సగం తాగి, మిగతాది అలా పట్టుకుని కూర్చుని, జనం పలచబడ్డాక లేచాను.

ఆదివారం షాలేం రాజు గారికి అంతా చెప్పాను, నువ్వేం చేస్తావో, నేనేం తాగానో. ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లి, "పాస్టర్ గారికి మీరే చెప్పండి, ఇంకొకరి నోట వినకూడదు" అన్నారు. చెప్పాను. నా పెద్దరికం ఉంచాలో తీసేయాలో సంఘంవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. ఏదైనా సరే.

వచ్చే గురువారానికి ఫ్లైట్ బుక్ చేశాను. నేను చేరేసరికి మీ బీరు అయిపోయి ఉండొచ్చు. అయిపోనీ. మీ అమ్మ అక్కడ కూర్చుని ఏమేం మాట్లాడిందో అన్నీ చెప్పు. నా మీద చెప్పినవి కూడా దాచకు.

మీరిద్దరూ నన్నెప్పుడూ రమ్మనలేదు. ఇప్పటి నీ ఉత్తరాల్లోనూ ఆ మాట లేదు. అయినా వస్తున్నానమ్మా.

మీ నాన్న