అందని నోటుబుక్కు

మార్చి 9, సోమవారం
మధ్యాహ్నం, రికార్డుల ఆఫీసు వరండా

అక్కయ్యకి,

చెల్లెలి నమస్కారాలు. బావగారికి కూడా చెప్పు. ఆయన మోకాలు కాస్త దారికొచ్చిందనీ, నువ్వు కళ్లద్దాలు మార్పించుకున్నావనీ అనుకుంటున్నాను. ఇక్కడ నేను క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాననుకో. నిజానికి పొద్దున పదకొండింటి నుంచి నా చేతులు నా మాట వినడం లేదు. నా రాత చూసి ముత్యాలంటావు కదా, ఈ పేజీ చూడు, కోడి కెలికినట్టుంది.

ముందు నీ ఉత్తరం సంగతి. వచ్చి పదిరోజులైంది. పెద్దవాళ్లకు పెట్టే పదో తరగతి పరీక్ష ఫారం తెచ్చి, నీ బైండింగు షాపులో అట్టల కట్ట కింద దాచావని రాశావు. మార్చి నెలాఖరుతో గడువు అయిపోతుందనీ, బావకి కూడా చెప్పలేదనీ రాశావు. "అరవైమూడేళ్లొచ్చాక నాకిదేం పిచ్చే? చిన్నప్పుడే నా నోటుబుక్కు చూసి పనికిరాదన్నారు. ఇప్పుడీ బుర్రకి కొత్తగా ఏం ఎక్కుతుంది? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. వెయ్యమంటే వేస్తా, వద్దంటే ఆ ఫారాన్ని ఏదో ఒక పుస్తకం అట్టలో పెట్టి అతికించేస్తా" అన్నావు.

పదిరోజులూ జవాబు రాయకుండా నాన్చాను. ఇవాళ రాయక తప్పని పని పడింది.

నేను చేసే ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "మా చెల్లి పాత బడులు తవ్వుకుంటుంది" అని చెబుతావు. దాదాపు అంతే. ఏయే దేశాల్లో బడులు ఎలా పుట్టాయి, నల్లబల్లా, గంటా, బెంచీలూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్లాయి, ఇదే నా చదువు. ముప్పై ఏళ్లుగా నేను ముఖ్యంగా చూసింది ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు. పిల్లలు పలకల మీద రాసింది ఎప్పటికప్పుడు చెరిగిపోయింది. ఇన్‌స్పెక్టరు రాసింది మాత్రం ప్రపంచమంతటా బీరువాల్లో భద్రంగా ఉంది.

ఆ రిపోర్టుల్లో నాకు దొరికిన విశేషం ఏమిటంటే, చలి దేశమైనా ఎండ దేశమైనా, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పంతుళ్లకు పట్టే చెమట ఒక్కటే. పాసైన తలలు లెక్కపెట్టి బడిని ఉంచాలో మూయాలో తేల్చే పద్ధతి ఎక్కడికెళ్తే, దాని వెనకాలే దొంగ ఎత్తులూ వెళ్లాయి. మంచు పడే ఊళ్లో ఒక పంతులు పక్క ఊరి నుంచి తెలివైన పిల్లల్ని తెప్పించి కూర్చోబెట్టాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు పక్క ఊరెళ్తే మళ్లీ అవే ముఖాలు. ఒక దీవిలో టీచరమ్మ పాఠం మొత్తం బట్టీ పట్టించింది. పిల్లాడు గడగడా చదివేశాడు, పుస్తకం మాత్రం తలకిందులుగా పట్టుకున్నాడు. గనుల ఊరొకదాంట్లో, చనిపోయి నాలుగు నెలలైన పిల్ల పేరు పిలిస్తే ఎవరో "హాజరు" అన్నారు. ఒక్కొక్క సంగతికీ ఒక్కొక్క అట్టకార్డు రాసుకుంటాను. దేశం, ఏడాది, ఎత్తు. "బదులు పిల్ల" అనే ఎత్తుకే నా దగ్గర నలభై కార్డులున్నాయి. క్లాసులో ఇవి చెప్పి విద్యార్థులను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేదాన్ని. మన సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అది నీకు తెలిసిందే. అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు దాన్నెప్పుడూ "ఒక పూట నా నోరు అరువిచ్చాను" అని జోకు చేసి చెబుతావు. బళ్లో ఉన్న ఒకే ఒక్క పంతులు మన నాన్న. ఐదో తరగతిలో పదముగ్గురం. నన్ను ఎత్తుకుని తిరిగే పనిలో పడి నువ్వు రెండేళ్లు ఆలస్యంగా చేరావు కాబట్టి ఇద్దరం ఒకే తరగతి. తొమ్మిదిమంది పాసవ్వకపోతే బడి ఎత్తేసి దూరపు బళ్లో కలిపేస్తారు. నాన్న ఎన్నిసార్లు లెక్కేసినా ఎనిమిదే తేలుతున్నారు. నేనేమో కొత్తమనిషి కనిపిస్తే నోరు పెగలని రకం. నా నోటుబుక్కు చూస్తే ఇన్‌స్పెక్టరే జ్వరం తెచ్చుకుని పడుకుంటాడు.

అప్పుడు నాన్నకి తట్టింది. జ్వరంతో రాని పిల్లని నోటుబుక్కు చూసి పాస్ చెయ్యొచ్చని రూలుంది. కాబట్టి నువ్వు నా గౌను వేసుకుని నా పేరుతో లేచి నిలబడి జవాబులు చెప్పాలి. నీ పేరుకి జ్వరం. నీ నోటుబుక్కు నీ పేరు మీద వెళ్తుంది. ఒక్క పిల్లని రెండు తలలుగా లెక్కగట్టాడు మన నాన్న! నేను చూసిన అన్ని దేశాల్లోనూ ఇంత నాజూకైన ఎత్తు ఇంకొకటి లేదు.

నువ్వు ఎంత బాగా చెప్పావంటే, ఆ నెలలోనే నా పేరుకి హాస్టలున్న పెద్ద బళ్లో సీటొచ్చింది. నీ పేరుకి ఏమీ రాలేదు. నోటుబుక్కు వాళ్లకి నచ్చలేదమ్మా అని నాన్న నీతో అన్నాడు. నువ్వు సరే అన్నావు. పద్నాలుగేళ్లకి బైండింగు షాపులో చేరి సూదీ దారం పట్టావు. నా థీసిస్ కుట్టింది నువ్వే. దాని అట్ట మీద నా పేరు బంగారు రంగులో అచ్చొత్తిందీ నువ్వే. ఏ నాడూ ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు.

ఇక ఈ పొద్దుటి సంగతి. ఇక్కడ రికార్డులు చూసుకునే ఆవిడ కొత్తగా వచ్చిన పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఏ జిల్లాదో రాసి లేదు మేడం, మీరే చూసి చెప్పండి అంది. నేను అలవాటుగా తిరగేస్తున్నాను. ఒక పేజీలో, పదమూడో పిల్ల దగ్గర, నాకు బాగా తెలిసిన వాసన తగిలింది. వెంటనే కార్డు తీసి "బదులు పిల్ల" అని రాశాను. నవ్వుకుంటూ రాశాను అక్కా. మూడు లైన్లు ఎక్కించాక పైన బడి పేరు చూశాను. తర్వాత నీ పేరు చూశాను. దాని పై వరుసలో నా పేరు.

పెన్సిల్ కిందపడింది. రికార్డుల ఆవిడ పరిగెత్తుకొచ్చి, ఏమైంది మేడం, ముఖం అలా పాలిపోయిందేం అంటూ నన్ను వరండాలోకి నడిపించి మంచినీళ్లు పట్టించింది. ఆ గదిలోకి నీళ్లు తేకూడదు, ఆవిడకి ఆ రూలు ప్రాణం. ఇప్పటికి మూడుసార్లు లోపలికెళ్లి చూసొచ్చాను. మాటలేమీ మారలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదువు:

"గైర్హాజరు, జ్వరము. తరగతిలో అందరికన్న తెలివైనది ఈ బాలికయేనని ఉపాధ్యాయుడు నొక్కి చెప్పినాడు. నోటుబుక్కు రేపు ఉదయము నా బసకు పంపెదనన్నాడు. చూచి సంతృప్తి కలిగినచో చెల్లెలితోపాటు ఈమెకును సీటు ఇవ్వదలచినాను. రెండవ సీటు నెలాఖరు వరకు ఆపి ఉంచవలెను."

కింద ఎర్రసిరాతో, నెలాఖరు తేదీ వేసి: "నోటుబుక్కు అందలేదు. సీటు రద్దు."

అందలేదు అక్కా! నచ్చకపోవడం కాదు. ఎవరూ చూడనే లేదు. నీ రాతను ఏ మనిషీ పనికిరాదనలేదు. నెల రోజులపాటు ఒక సీటు నీకోసం ఖాళీగా కూర్చుంది. యాభైరెండేళ్లుగా నువ్వు నీ బుర్రని తిట్టుకుంటున్నది ఎప్పుడూ జరగని ఒక పరీక్ష గురించి.

సాయంత్రం, ఇంట్లో

మధ్యలో ఆపి ఇంటికొచ్చాను. బస్సులో నా స్టాపు దాటిపోయినా చూసుకోలేదు, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. రాగానే చేసిన మొదటి పని, నా బల్ల పైనున్న నాన్న ఫొటోని గోడవైపు తిప్పేయడం. అందరికన్నా తెలివైనది ఈ పిల్లేనని ఇన్‌స్పెక్టరుతో నొక్కి చెప్పిన మనిషి, తీరా నోటుబుక్కు పంపకుండా ఎలా ఊరుకున్నాడు? తొమ్మిది తలలూ ఎలాగో తేలిపోయాయని వదిలేశాడా? ఇంట్లో పనికి ఒక పిల్ల ఉండాలనుకున్నాడా? పైగా నచ్చలేదమ్మా అని నీ ముఖం మీద చెప్పడానికి ఆయనకు నోరెలా వచ్చింది? ఆయన ఉంటే ఇప్పుడే వెళ్లి కడిగేసేదాన్ని. పోయినవాళ్ల మీద కోపం రావడం ఎంత నరకమో ఇవాళ తెలిసింది.

నీ ప్రశ్నకి నా జవాబు ఇదీ. ఆ ఫారాన్ని అట్టల కింద నుంచి తియ్యి. బావకి చెప్పు, ఆయన ఎగతాళి చేస్తే నాకు ఫోన్ చెయ్యమను. నెలాఖరు దాకా ఆగకు, రేపే ఇచ్చెయ్యి. ఈ పెద్దాఫీసుల్లో నెలాఖర్లు ఎలా ఉంటాయో ఇప్పుడు చదివావు కదా.

ఉంటాను. నువ్వు జాగ్రత్త.

నీ పిచ్చుక

తా.క. మంగళవారం పొద్దున.

నిన్న ఇది కవర్లో పెట్టి అంటించాను. పొద్దున్నే పోస్టాఫీసు దాకా వెళ్లి, వరుసలో నిలబడి, నా వంతు వచ్చాక వెనక్కి వచ్చేశాను. కవరు చింపి మళ్లీ చదివాను. నాన్న గురించి రాసిన ముక్క కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. నేనెంత సాఫీగా అబద్ధం రాయగలనో నువ్వు చూడాలి.

నాన్న ఆపలేదు అక్కా. మర్నాడు పొద్దున నోటుబుక్కు నా చేతికిచ్చి ఇన్‌స్పెక్టరు బసకి పంపాడు. అక్కని పంపితే గుర్తుపడతాడు, నీ ముఖం ఆయన చూడలేదు కదమ్మా, ఇచ్చేసి వచ్చెయ్యి అన్నాడు. నేను ఆ గేటు దాకా వెళ్లాను. లోపల ఆయన మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. తలెత్తి, ఎవరమ్మా నువ్వు, నీ పేరేంటి అని అడిగాడు. నా పేరు ముందురోజే నువ్వు చెప్పేశావు. ఇంక నా దగ్గర చెప్పడానికి పేరేదీ మిగల్లేదు. నోరు పెగల్లేదు. పరిగెత్తి వచ్చేశాను. ఇచ్చానని నాన్నతో చెప్పాను. జవాబు రాకపోయేసరికి నచ్చలేదు కాబోలని ఆయన అనుకున్నాడు. అదే నీతో అన్నాడు. ఆ మాట నమ్మే పోయాడు.

ఆ రోజు భయం. అది తొమ్మిదేళ్ల పిల్లది, దాన్ని క్షమించమని అడగగలను. సీటొచ్చాక మాత్రం భయం కాదు. చెబితే లాగేసుకుంటారేమోనని దాచుకున్నాను. ఆ తర్వాత, నోటుబుక్కు చూసినా నీకు సీటిచ్చేవాళ్లు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ నమ్మకం మీదే యాభైరెండేళ్లు నిద్రపోయాను. నిన్న ఆ ఎర్రసిరా చూసి నా చేతులు వణికింది అందుకు. ఆ సీటు నీదేనని, నీ పేరు మీద ఆపి ఉంచారని నాకు తెలియదు అక్కా. ఒట్టు. ఈ ఒక్క మాట నమ్ము. మిగతా వాటికి నువ్వేమన్నా పడతాను.

నాన్న ఫొటోని మళ్లీ ఇటు తిప్పాను. నిన్నటి కార్డు మీద మన పేర్లు పూర్తిగా రాశాను. నువ్వు ఒప్పుకుంటేనే నలభై కార్డుల మధ్య పెడతాను, ఒప్పుకోకపోతే నీకే పంపేస్తాను.

ఉత్తరం కవర్లో కాకుండా పార్సిల్లో ఎందుకు వచ్చిందా అనుకుంటున్నావేమో. అట్టల మధ్య గట్టిగా కట్టి పెట్టాను, జాగ్రత్తగా విప్పు. పదకొండేళ్లప్పుడు విడికాగితాలు పేర్చి, నీలం దారంతో నువ్వే కుట్టుకున్నావు. పదకొండు అద్దె ఇళ్లు మారాను, పెట్టె అడుగునే ఉంచుకుని తిరిగాను. ఒక్క కుట్టు ఊడలేదు. చివరి పేజీలో భిన్నాల లెక్కలున్నాయి, రాత్రి అన్నీ వేసి చూశాను. అన్నీ కరెక్టే.

నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు. అందిందని మాత్రం ఒక్క ముక్క రాయి.