బోర్డులో కుడి సగం

జూన్ 9, సోమవారం

డిగ్రీ ఎక్కడ చేశావని అడిగితే నా నోటికి జవాబు వెంటనే ఎందుకు రాదు? ఇరవై నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న. యూనివర్సిటీ అంటాను. అబద్ధం కాదు, పట్టా మీద ఉన్నది ఆ పేరే. చదివింది మాత్రం సాయంకాలం కాలేజీలో. పగలు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం, ఐదున్నర నుంచి క్లాసులు.

ఇప్పుడు అదే యూనివర్సిటీలో చరిత్ర చెబుతున్నాను. ఈ ఊరి కాలేజీల మీద పుస్తకం రాసే పని నాకే తగిలింది.

జూన్ 20, శుక్రవారం

ఈ ఊరిదాన్నని ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. లా కాలేజీ మొదలైంది గుర్రాల కొట్టంలో. మెడికల్ కాలేజీకి మొదటి ఏడాది ఉన్నది ఒక్కటే అస్థిపంజరం. దానికీ రోల్ నంబరిచ్చి హాజరు పిలిచేవారట, ఒక్కరోజూ నాగా పెట్టలేదట. మ్యూజిక్ కాలేజీకీ పాలిటెక్నిక్‌కీ మధ్య ఒకటే గోడ. ఇటు సుత్తి, అటు తాళం. మహిళా కాలేజీ పదకొండు మందితో మొదలైంది, ఇవాళ నాలుగు వేలు!

జూలై 1, మంగళవారం

పుస్తకంలో వేసే కాలేజీల జాబితా వచ్చింది, పద్నాలుగు పేర్లు. సాయంకాలం కాలేజీ లేదు. రిజిస్ట్రార్‌ గారిని అడిగాను. సొంత బిల్డింగు లేదు, గేటు లేదు, మూతపడి పన్నెండేళ్ళయింది, ఇంక ఫొటో దేన్ని తీస్తాం మేడమ్, గాలినా అన్నారు. నేనూ నవ్వాను. అక్కడే చదివానన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

జూలై 2

మా క్లాసులు జరిగిన స్కూలుకి వెళ్ళాను. అదే గది, అదే బోర్డు. ఎడమ సగంలో పగటి పిల్లల లెక్కలు, కింద వాళ్ళ మాస్టారు రాసిన ‘చెరపకండి’. అప్పుడూ అంతే. మాకు కుడి సగమే. ప్రపంచ యుద్ధాలు రెండూ ఆ సగంలోనే ముగిసేవి.

ఇప్పటికీ నా చెయ్యి బోర్డు మధ్య దాటదు. ఎడమ వైపుతో మేడమ్‌కి మాటల్లేవని మా స్టూడెంట్లు నవ్వుకుంటారు.

జూలై 4

సంగతంతా విని మా అమ్మాయి, చదువుకున్నావు అంతేగా, దొంగతనం చేసినట్టు ఆ మొహమేంటమ్మా అంది.

జూలై 17, గురువారం

పుస్తకం మీద చివరి మీటింగు. రిజిస్ట్రార్‌ గారు లేచి పద్నాలుగు పేర్లూ బోర్డు మీద రాశారు. కిందికి వెళ్ళేకొద్దీ అక్షరాలు చీమల్లా అయిపోయాయి. అన్నీ కుడి సగంలోనే.

ఇటు ఇంత మైదానం పెట్టుకుని ఆ ఇరుకెందుకు సార్ అని ఎవరో అన్నారు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది.

 ఆ అలవాటు అబ్బేది ఒక్కచోటే.

లేచి వెళ్ళాను. కింద మిగిలిన జానెడు చోటులో పదిహేనోదిగా మా సాయంకాలం కాలేజీ పేరు రాశాను. నేను చదివింది ఇక్కడే అన్నాను, గట్టిగానే. ఆయన ఆ పేరు చదివారు. సర్దుకుంటే పడుతుంది, ఉండనివ్వండి అన్నారు. తన సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

పుస్తకం వచ్చింది. పదిహేనో కాలేజీకి ఆ స్కూలు గదిలో బోర్డు ఫొటోనే వేశాం, పిల్లల లెక్కలతో సహా. నా పరిచయంలో మొదటి వాక్యంలోనే మా కాలేజీ పేరుంది.

ఇవాళ క్లాసులో సుద్దముక్క పట్టుకుని ఎడమ సగం ముందు నిలబడ్డాను. అక్కడ రాయాలో, అలాగే వదిలెయ్యాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.