ఐడెల్లా ట్రైలర్లో కరెంటు పోయిన పొద్దున

అరిజోనా ఎడారి,
జనవరి 23, 2018, మంగళవారం

తమ్ముడు ఆరిన్‌కి,

అక్క వెర్నా దీవెనలు. మరదలు లవాన్‌కి నా ప్రేమ. ఇక్కడ నేనూ నా బండీ ఇద్దరమూ కులాసా. మీరిద్దరూ అలాగే ఉన్నారనీ, నెబ్రాస్కా చలికి నీ మోకాలు మరీ మొరాయించడం లేదనీ అనుకుంటున్నాను.

ఏప్రిల్లో నీ గరాజు గుమ్మంలో మనం అరుచుకున్నాక నీకు ఇదే నా మొదటి పలకరింపు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు. ఉత్తరంలో చివరిదాకా నేనే మాట్లాడొచ్చు. పైగా ఈరోజు నాకు ఆగడం లేదు, చేతిలో కలం కూడా నాకంటే ముందు పరిగెడుతోంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ఆ రోజు నువ్వన్న మాట నాకు గుర్తే. "బస్సు నడపడం వేరు, బస్సులో కాపురం వేరు. పైపు పగిలిన రోజున నాకు ఫోన్ చెయ్యకు" అన్నావు. "చచ్చినా చెయ్యను" అన్నాను. నీ బాధ నాకు తెలీక కాదు. ఇన్నేళ్ళూ స్కూలు బస్సు తోలానే కానీ, ఒక్క స్క్రూ కూడా నేను తిప్పింది లేదు. కుళాయి కారినా, కారు దగ్గినా నువ్వే వచ్చేవాడివి. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా ఈ బండి కొన్నాకే నేర్చుకున్నాను, నవ్వకు.

ఇప్పుడు నా కాపురం గురించి విను. పడకా, వంటా, స్నానాల గదీ అన్నీ ఈ బండిలోనే. ఇక్కడ చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలబెట్టాలి, లేకపోతే ఫ్రిజ్ అలుగుతుంది, చల్లబడదు. బల్ల మీద ఒక గుడ్డు పెట్టి చూస్తాను. అది దొర్లకుండా నిలబడితే బండి సమంగా ఉన్నట్టు. ఆ గుడ్డే ఆ తర్వాత నా టిఫిను. బట్టలు ఉతకడానికి ఒక మూత ఉన్న బకెట్టు ఉంది. బట్టలూ సబ్బూ నీళ్ళూ అందులో పోసి, మూత బిగించి, స్నానాల గదిలో పెట్టి ఊరికి బయల్దేరతాను. ఈ గతుకుల దారిలో అవి వాటంతట అవే ఉతుక్కుంటాయి. వెనక్కి వచ్చేసరికి జాడించడమే మిగులుతుంది. లవాన్‌కి చెప్పు, తప్పకుండా నవ్వుతుంది.

మురుగు ట్యాంకు ఖాళీ చేసిన మొదటిసారి సంగతి మాత్రం చెప్పను. గొట్టం సరిగా బిగించలేదు. ఆ బూట్లు పారేశాను. అంతవరకే.

నవంబరులో ఒక వింత మొదలైంది. కుళాయి ఎవరూ తిప్పకుండానే నీళ్ళ మోటారు ఉన్నట్టుండి గుర్రుమనేది, ఆగేది, మళ్ళీ గుర్రుమనేది. దయ్యమేమో అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. మోటారు ఊరికే తిరగదు, గొట్టాల్లో ఒత్తిడి తగ్గితేనే తిరుగుతుంది. ఒత్తిడి తగ్గిందంటే ఎక్కడో నీళ్ళు పోతున్నట్టేగా. సింకు కింద అల్మారాలో తల దూర్చి, ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టి, ఎక్కడ తడుస్తుందా అని కూచున్నాను. మోటారు దాటాక గొట్టం బిగించిన మొదటి అతుకు దగ్గర కాగితం తడిసింది! ఒక చిన్న రబ్బరు వాషరు, అంతే. మార్చాను. మోటారు నోరు మూసుకుంది. ఆ సాయంత్రం ఆ నిశ్శబ్దాన్ని వింటూ కూచున్నాను, పాట వింటున్నట్టు.

ఇక అసలు సంగతి. మొన్న శనివారం.

మేం బండ్లు నిలిపే చోటికి రావాలంటే ఒక ఎండిపోయిన వాగు దాటాలి. నాకు దగ్గర్లో ఇద్దరే. ఒకాయన బర్ల్, వ్యాన్‌లో ఉంటాడు, పొడుగు మనిషి, దేని గురించి అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. రెండోది ఐడెల్లా, డెబ్భై తొమ్మిదేళ్ళ పెద్దావిడ, చిన్న ట్రైలర్లో ఒక్కతే. మోంటానాలో బౌలింగ్ ఆటల హాలు నడిపిందట, బంతుల మోత మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. ఊపిరితిత్తులు బాగా లేవు. గాలి పీల్చుకుని ఆక్సిజన్ ఇచ్చే యంత్రం ఒకటి ఆవిడ మంచం పక్కన ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. అది నడిచేది ట్రైలరు బ్యాటరీల మీద, వాటిని నింపేవి కప్పు మీది సోలార్ పలకలు.

శుక్రవారమంతా వాన. శనివారం పొద్దున నేను బట్టలు ఆరేద్దామా వద్దా అని ఆకాశం చూస్తున్నాను, గాలి ఈడ్చి కొడుతోంది. అప్పుడు హారన్ మోగింది. ఆగకుండా మోగుతోంది. ఐడెల్లా ట్రైలరుని లాగే తన పికప్ ట్రక్కులోకి ఎక్కి హారన్ మీద చెయ్యి పెట్టి కూచుంది. పరిగెత్తాను. ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. "యంత్రం ఆగిపోయిందే అమ్మాయ్, కరెంటు లేదు" అంది, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ.

అవసరానికి ఉంచుకున్న చిన్న సిలిండరు ఒకటి ఉంది. తెచ్చి గొట్టం తగిలించాను. దాని ముల్లు చూస్తే సగానికి కింద ఉంది. బర్ల్ ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాడు. బురదలో జారుతూ దిగి వచ్చి, "వాగు పొంగింది, నీళ్ళు తగ్గేదాకా అంబులెన్సు ఇవతలికి రాలేదట. ఈ గాలికి హెలికాప్టరు కూడా లేవదట" అన్నాడు. తర్వాత బ్యాటరీల పెట్టె వైపు చూసి, "ఎండ లేదుగా, బ్యాటరీలు చచ్చిపోయాయి. మనం చేసేదేం లేదు, ముట్టుకోవద్దు, తెలిసినవాళ్ళు రానీ" అన్నాడు.

ఐడెల్లా నా వైపు చూసింది. "నువ్వు స్కూలు బస్సు నడిపేదానివి కదూ?" అంది. అవునన్నాను. "ఎప్పుడైనా ఆలస్యంగా వెళ్ళావా?" అంది. లేదన్నాను. "అయితే కానియ్" అంది.

ఆరిన్, ఒక్క పరుగున నా బండెక్కాను. ముందు నా బండిని ఆవిడ ట్రైలరు పక్కకి తెచ్చి, నా కరెంటు మీద యంత్రం నడపాలి. చక్రాల కింద చెక్కలు అలాగే ఉన్నాయి, అల్మారాల గడియలు వెయ్యలేదు, ఏదీ చూడలేదు. ఇంజను తిప్పి ఒక్క ఊపున తోలాను. వెనక కంచాలన్నీ కింద పడ్డాయి. గుడ్డు ఏమైందో అడగకు. బురదలో చక్రం తిరుగుతూ జారింది, మంచు రోజుల్లో బస్సుని పట్టుకున్నట్టే స్టీరింగు నెమ్మదిగా పట్టుకున్నాను, గుంజలేదు, బ్రేకు తొక్కలేదు. చేరింది.

నా బండిలోని జనరేటరు స్విచ్చి నొక్కాను. గురగురమంది, ఆగింది. మళ్ళీ నొక్కాను. ఆగింది. ఎందుకో నాకు తెలుసు! పెట్రోలు ట్యాంకు పావుకి కిందకి వస్తే జనరేటరుకి పెట్రోలు అందదు, బండి ఎక్కడో దారిలో ఆగిపోకూడదని అలా చేసి పెడతారు. నా ట్యాంకు అంతకంటే కిందే ఉంది. బర్ల్ "అయిపోయింది" అన్నాడు. "అవలేదు. ఇంజనుకి చివరి చుక్కదాకా అందుతుంది" అన్నాను. ఇంజను నడుస్తుంటే బండిలో ఇంటి అవసరాలకి వేరేగా ఉన్న బ్యాటరీలు నిండుతూనే ఉంటాయి, వాటి మీద ఆవిడ యంత్రం నడుస్తుంది. పొడుగు వైరు కిటికీలోంచి లోపలికి వేశాను. బర్ల్ ఐడెల్లాని లోపల మంచం మీదకి చేర్చి, వైరు యంత్రానికి తగిలించాడు. యంత్రం ఒకసారి కూసింది, తర్వాత బుస్సు బుస్సుమని మొదలైంది. అంత అందమైన చప్పుడు నేను వినలేదు, నా నీళ్ళ మోటారు నిశ్శబ్దం కూడా దాని ముందు దిగదుడుపే.

అయితే నా పెట్రోలు ఎంతసేపు? సాయంత్రందాకా రాదు. వాగు చూస్తే ఎర్రగా, చెట్ల కొమ్మల్ని మోసుకుపోతోంది. ఐడెల్లా బ్యాటరీలు నిజంగా చచ్చాయా లేదా తేలాల్సిందే.

నా దగ్గర కరెంటు కొలిచే చిన్న మీటరు ఉంది. బ్యాటరీకి వైర్లు బిగించే కొమ్ముల మీదే దాని ముళ్ళు పెట్టి చూశాను. ప్రాణం బాగానే ఉంది! మరి ట్రైలర్లోకి ఎందుకు పోవడం లేదు? నీళ్ళ మోటారు విషయంలో చేసినట్టే, ఒక్కో అతుకూ చూస్తూ పోయాను. కొమ్ము మీద ఉన్న కరెంటు, ఆ కొమ్ముకి బిగించిన వైరు కొసన లేదు. మధ్యలో ఏముంది? ఎవరో ఎప్పుడో చుట్టిన నల్ల టేపు. విప్పాను. లోపల తెల్లగా, పచ్చగా బూడిద పట్టి ఉంది, అప్పడం పిండి చల్లినట్టు. రాత్రంతా కురిసిన వాన చెమ్మకి ఉన్న కాస్త పట్టు కూడా పోయింది.

"ముట్టుకోకు, పేలుతుంది" అన్నాడు బర్ల్. "గొడుగు పట్టు" అన్నాను. పట్టాడు పాపం, తను తడుస్తూ. ముందు స్విచ్చిలన్నీ ఆపించి, మైనస్ వైరు విప్పాను, తర్వాత ప్లస్. ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. వంట సోడా నీళ్ళలో కలిపి పోస్తే బుసబుసమని నురగ పొంగింది, ఆ నురగలో బూడిదంతా కరిగిపోయింది. పాత పళ్ళ బ్రష్షుతో లోహం మెరిసేదాకా తోమాను. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ ప్లస్ ముందు, మైనస్ తర్వాత. రెంచీతో బిగిస్తుంటే నువ్వెప్పుడూ చేసే పని గుర్తొచ్చింది, బిగించాక వైరు పట్టుకుని ఒకసారి ఊపి చూస్తావు. ఊపాను. కదల్లేదు.

స్విచ్చి వేశాను. ట్రైలర్లో దీపం వెలిగింది! బర్ల్ గొడుగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. గొడుగు ఎగిరిపోయింది. లోపలికి వెళ్ళి యంత్రాన్ని ఆవిడ కరెంటుకే మార్చాను. నిలబడింది. ఐడెల్లా కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది, బుగ్గల్లోకి రంగు వచ్చింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. "అమ్మాయ్, నా రంగు రాళ్ళ తోట మీదుగా తోలావు" అంది. నిజమే, ఎంతో ముచ్చటగా పేర్చుకున్న రాళ్ళు, బురదలో కలిసిపోయాయి. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. ఆవిడా నవ్వబోయి దగ్గింది. బర్ల్ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

మధ్యాహ్నం దాటాక వాగు తగ్గి అంబులెన్సు వచ్చింది. వాళ్ళు ఆవిడ ఛాతీ పరీక్షించి, ఆసుపత్రికి రమ్మంటే రానంది, పెద్ద సిలిండరు ఒకటి ఇచ్చి వెళ్ళారు. వాళ్ళలో ఒకమ్మాయి బ్యాటరీ పెట్టెలోకి తొంగి చూసి ఎవరు చేశారని అడిగింది. ఐడెల్లా తన పాత హాలు గొంతుతో, "మా స్కూలు బస్సు డ్రైవరు" అంది, నలుగురికీ వినపడేలా.

ఆ రోజునుంచి నాకు తీరిక లేదురా! నిన్న బర్ల్ వ్యాన్ కప్పు మూల కారుతోందని చూపించాడు, ఇద్దరం ఎక్కి లీకు ఆపే జిగురు పూశాం. వాగు అవతలనుంచి ఒకామె గ్యాసు పొయ్యి వెలగడం లేదని వచ్చింది. సాలీడు గూడు, గొట్టం కొసలో! పిన్నుతో తీశాను. ఆమె నిమ్మకాయ కేకు పట్టుకొచ్చింది. ఐడెల్లా రాళ్ళు కడిగి మళ్ళీ పేరుస్తున్నాను, ఏ రాయి ఎక్కడో ఆవిడ కుర్చీలోంచి ఆజ్ఞలు ఇస్తుంది, తప్పు పెడితే "కళ్ళున్నాయా" అంటుంది.

ఒక్క సందేహం మాత్రం నిన్నే అడగాలి. నా బండి ఎక్కే మెట్టు తలుపు తీస్తే దానంతట అదే కిందకి దిగాలి. ఇప్పుడు లోపల టక్‌మంటుంది కానీ దిగడం లేదు. ఫ్యూజు చూశాను, బాగుంది. నూనె వేశాను. ఇంకేం చూడాలి? ఉత్తరంలో రాయి, లేదా ఫోన్ చెయ్యి, నేను మధ్యలో అడ్డం పడను. అంతేగాని దానికోసం పనిముట్ల పెట్టె వేసుకుని ఇంత దూరం బయల్దేరకు. ఊరికే చూడ్డానికైతే, లవాన్‌ని తీసుకుని తప్పకుండా రా.

ఉంటాను. బయట ఎండ కాస్తోంది, బట్టలు ఆరేయాలి.

నీ అక్క,
వెర్నా

తా.క.: పైనంతా రాసి కవరులో పెట్టి మళ్ళీ తీశాను. నీకు చెప్పనిది ఒకటి మిగిలింది. ఆ శనివారం మధ్యాహ్నం ఒకాయన నా బండి కొనడానికి రావాల్సింది. క్రిస్మస్ నాడు డబ్బా సూపు వేడి చేసుకుని, ఒక్కదాన్నే తిని, గిన్నె కడిగి, మర్నాడే బండి ముందద్దానికి అమ్మకం బోర్డు పెట్టేశాను. మీ ఇంటి తలుపు తట్టి "నువ్వన్నదే నిజంరా" అని ఎలా చెప్పాలో అద్దంలో చూసుకుంటూ చెప్పుకున్నాను కూడా. వాగు అడ్డం రావడంతో ఆయన ఆదివారం వచ్చాడు. మంచివాడు. కాఫీ ఇచ్చాను. బండిలో లోపాలేమైనా ఉంటే దాచకుండా చెప్పండి అన్నాడు. మొదలుపెట్టాను. నీళ్ళ మోటారు సంగతి, మెట్టు సంగతి, ఫ్రిజ్ అలక, వానకి బిగుసుకుపోయే కిటికీ, దాన్ని ఎక్కడ తడితే తెరుచుకుంటుందో, అన్నీ. నేను చెప్తూనే ఉన్నాను, ఆయన కాఫీ చల్లారిపోయింది. ఆఖరికి నవ్వి, "మరి ఎంతకి ఇస్తారు?" అన్నాడు. "అమ్మడం లేదండీ" అన్నాను. నోరు తెరిచేదాకా ఆ సంగతి నాకే తెలీదు, ఆరిన్.