ఎండలో పెట్టి చూడండి

పెడన,
ఆదివారం.

శ్రీవారికి మల్లీశ్వరి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, అత్తయ్యగారూ, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదే అందరం క్షేమం. బెజవాడ ఎండల్లో ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మీరెలా కూర్చుంటున్నారో అన్నదే నా బెంగ. వినీల హాస్టల్ నుంచి వస్తూ మీ ఉత్తరం తెచ్చింది. "ఫోన్లుండగా ఈ ఉత్తరాలేంటమ్మా మీ ఇద్దరికీ?" అని ఒకటే నవ్వు. నవ్వనివ్వండి. ఫోనులో మీరు తిన్నావా అంటారు, నేను తిన్నానంటాను, అక్కడితో సరి.

మీరు రెండు సంగతులు అడిగారు. మగ్గం పుల్లయ్య బావకు ఇచ్చేద్దామా అన్నది మొదటిది. ఆయన వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. వారం ఆగమన్నాను. ఎందుకో చివర్లో రాస్తాను. ముందే అక్కడికి పోయి చదవకండి, మీ అలవాటు నాకు తెలుసు.

నేను ఆదివారాలు చర్చికి వెళుతున్న మాట నిజమేనా అన్నది రెండోది. నిజమే. వీధి చివర మిషను కుట్టే సువార్తమ్మ వదిన నన్ను కనిపెట్టింది. "ఏంటే మల్లీ, ఆ కళ్ళకింద నలుపు? మనిషివి సగమైపోయావు" అని రోజూ నస. ఆ నస పడలేక ఒక ఆదివారం వెంట వెళ్ళాను. చాప మీద చివర్లో, గోడకానుకుని కూర్చున్నాను. పాస్టరుగారు పెద్దగా అరవలేదు. "మీరు దాచుకున్నది ఎంత బరువో మీకే తెలుసు. ఆయనకు కొత్తగా తెలిసేదేం లేదమ్మా. అంతా చూసే మిమ్మల్ని పిలిచాడు" అన్నారు. నేను కొంగు తలమీదికి లాక్కుని, నా లోపలున్నది యేసయ్యతో చెప్పేశాను. పెదవులు కూడా కదల్లేదు.

ఆ తరవాత జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదండీ. వెలుగులేం కనిపించలేదు, నన్నెవరూ పేరుపెట్టి పిలవలేదు. మూడేళ్లుగా గుండెలో ఆగకుండా ఆడుతున్న మగ్గం ఒక్కసారి ఆగింది, అంతే. ఆ నిశ్శబ్దానికి నాకు భయం వేసింది. బయటికి వస్తే కాలువ, గట్టు మీద గడ్డి, సైకిల్ మీద పోతున్న ఐసు బండి, అన్నీ నేను రోజూ చూసేవే. అయినా నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆకాశమంత పెద్దవాడు నాలాంటి అబద్ధాలకోరును పట్టించుకోవడమేమిటని ఆశ్చర్యం. ఈ రోజుకీ తీరలేదు. అత్తయ్యగారు కూరలో ఉప్పు లేదని గొడవ చేసినా నాకు కోపం రావడం లేదు, ఇక మీరే అర్థం చేసుకోండి.

ఇంత హాయి దొరికాక ఇంకేం కావాలి అనుకున్నాను. సువార్తమ్మ వదిన ఊరుకోలేదు. "ఆయనకి చెప్పావు, బానే ఉంది. ఎవరితో అబద్ధమాడావో ఆ మనిషికి చెప్పొద్దా?" అంది. ఆ మనిషి మీరే.

మూడేళ్ల కిందటి శ్రావణంలో మీరు నేసిన నెమలికంఠం రంగు పెళ్ళిచీర గుర్తుందా? మరిచిపోయేదా అది! షావుకారు వెంకటసుబ్బారావు గారు బెజవాడ వన్ టౌన్‌లో తన కొట్టు ముందు ఎండలో విప్పితే, నడుమ జానెడు మేర వేరే నీలం పట్టీలా తేలింది. "కళ్ళు పోయినియ్యా అంకమ్మరావ్?" అన్నారట నలుగురిలో. మీరు ఇంటికొచ్చి నన్ను ఒక్కటే అడిగారు. "మల్లీ, కండెలన్నీ ఒకే రంగు తొట్టిలో అద్దిన నూలేగా?"

నేను అవునన్నాను.

కాదండీ. నాలుగు కండెల నూలు తక్కువైంది. మీకు చెబితే ఎండ వచ్చి రంగు సరిపోల్చేదాకా నేత ఆపేస్తారు, చీరకేమో గడువు దగ్గరపడింది. మీకు చెప్పకుండా నేనే మళ్ళీ తొట్టి పెట్టి అద్ది, ఆ కండెలు నడుమ అందించాను. ఆ ముసురులో, గుంట మగ్గం చీకట్లో, రెండు నీలాలూ ఒకటిగానే ఉన్నాయి. ఎవరి కళ్ళకూ తెలిసేది కాదు. మీరు నా మాట నమ్మి, "అయితే నా కళ్ళే పోయినియ్యి" అని మగ్గం మీద దుప్పటి కప్పారు. "గేటు తియ్యడానికి ఈ కళ్ళు చాల్లే" అని వెళ్ళిపోయారు. నేను బస్సు దాకా వచ్చి కూడా నోరు విప్పలేదు.

ఇదంతా దాచకుండా రాసేశాను. లోపల భయం లేదు. అది నా గొప్ప కాదు.

ఆ రెండు తొట్ల నూలు కొసలు మిగిలితే ట్రంకుపెట్టె అడుగున దాచాను. చెరొక పోగు తీసి ఈ కాగితానికి కుట్టాను. గేటు దగ్గరికి పొద్దున ఎండ వస్తుందన్నారుగా, అక్కడ పెట్టి చూడండి. నీడలో వద్దు. రెండూ వేరని కనబడితే మీ కళ్ళకు ఏమీ కాలేదు, తప్పంతా నాది. అప్పుడు నన్ను తిట్టడానికైనా ఇంటికి రండి. పుల్లయ్య బావను వారం ఆగమన్నది అందుకే.

మగ్గం మీద దుప్పటి ఈ ఉదయమే తీసేశాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
మల్లీశ్వరి