వెనక్కి నడపనక్కర్లేని చోటు

వెర్లిన్‌కు,

ఈ వేసవికి కూడా వస్తున్నాం. కానీ మీ క్యాంపులో సరస్సు ఒడ్డున ఏటా మాకిచ్చే చోటు ఈసారి వేరేవాళ్లకి ఇచ్చెయ్. బండి ఇటు నుంచి వచ్చి అటు నుంచి వెళ్లిపోయే చోటు, రోడ్డు పక్కనైనా సరే, నాకు ఉంచు.

పడకా వంటా అన్నీ లోపలే ఉన్న మా ఇంటిబండిని నేను ఆ ఒడ్డు చోట్లోకి రివర్స్ చేస్తుంటే మీరంతా కుర్చీలు వేసుకుని మరీ చూసేవాళ్లు. ఆర్డిస్ వెనక నిలబడి చేతులూపుతూ, "ఎడమకి తిప్పవయ్యా మగడా!" అని అరిచేది. "నీ ఎడమా, నా ఎడమా?" అని నేను. మధ్యలో వెనక కిటికీలోంచి ఆమెని చూస్తూ మా కుక్క జిగ్గీ మొరుగుడు. పోయినేడు ఆమెకి ఒళ్లు మండి, "వచ్చే ఏడు నేను రాను పో! అప్పుడు తెలుస్తుంది నా విలువ" అంది. "నా అదృష్టం" అన్నాను. అందరం నవ్వాం.

మార్చిలో ఆమె అంత్యక్రియలకి నువ్వు పంపిన పూలు అందాయి.

రివర్స్ చెయ్యడం నాకు రాక కాదు. అద్దాల్లో చూసుకుని పెట్టుకోగలను. కానీ ఆ గేరు వేస్తే చాలు, జిగ్గీ తోకాడించుకుంటూ వెనక కిటికీ దగ్గరికి పరుగెడుతోంది. బండి ఆగాక కూడా అక్కణ్ణించి కదలదు.