గోడ పక్క గంగవాయిలి

ఆదివారం రాత్రి.

నిన్న సాయంత్రం మా ఆయన లాన్‌లో కలుపు మీద గడ్డిమందు కొట్టాడు. ఇవాళ చర్చి నుంచి వచ్చేసరికి గోడ పక్కన గంగవాయిలి కూర మొత్తం మాయం. అంతా మందు మహిమేనని ఈయన ఒకటే సంబరం. మందు పడ్డ మొక్క వాడి ఎండిపోతుంది గానీ, ఉన్నపళాన మాయమవుతుందా?

మధ్యాహ్నం పక్కింటి సుగుణక్క గిన్నెలో పప్పు తెచ్చింది. గంగవాయిలి పప్పు!

"కూర ఎక్కడిదక్కా?" అన్నాను.

"మార్కెట్ల కొన్న," అంది, నా ముఖం చూడకుండా.

"మా లాన్‌లది కాదు గదా? నిన్ననే గడ్డిమందు కొట్టినం."

"మీ గడ్డిల కూర తెంపుడు నాకేం కర్మ?" అని విసవిసా వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే, వండిన గంజులోని పప్పంతా మోరీ కాలువలో పారబోస్తోంది. కొన్న కూరైతే ఎందుకు పారబోసినట్టు? అప్పటికే ఆమె మనవరాలు తినేసిందేమో!

పాప తిన్నదా అని గోడ మీదుగా అడిగాను.

"రెండు ముద్దలు తిన్నది," అంది. "మార్కెట్ కూరనే. అయినా జర దవాఖానకు పోదాం పా."

పాపకు ఏమీ కాలేదన్నాడు డాక్టర్. తిరిగి వస్తుంటే ఆటోలో సుగుణక్క మెల్లగా అడిగింది:

"చెల్లే, మీ కరివేపాకు చెట్టు మీద గూడ కొట్టిన్రా?"